ఏడో ఫారం

మేడ మీద ఇల్లు
మార్చి 3

వదినా,

పార్సిల్లో పుస్తకం చూసి భయపడకు. కథల పుస్తకం చేతికిస్తే మూడో పేజీకే నీ కళ్ళు మూతలు పడతాయని నాకు తెలుసు. అయినా ఇది చదవాలి. ఇది అన్నయ్య పోయేముందు కుట్టిన చివరి పుస్తకం.

మన వీధి చివర గ్రంథాలయం మూసేస్తున్నారు. పుస్తకాలన్నీ పెద్ద గ్రంథాలయానికి పంపుతూ లైబ్రేరియన్ గారు దీన్ని పక్కన పెట్టి నాకు కబురు చేశారు. "మీ అన్నయ్య చేతి బైండింగమ్మా, నీ దగ్గరుంటే బాగుంటుంది," అన్నారు. ముదురాకుపచ్చ గుడ్డ అట్ట. ముట్టుకుంటే అన్నయ్య చెయ్యి తెలిసిపోతుంది. నాలుగు రోజులు దిండు పక్కన పెట్టుకుని, ఆ తర్వాతే చదివాను.

చిన్న నవలే, నూట పన్నెండు పేజీలు. గడియారాలు బాగుచేసే ఒకాయన ఇంట్లో ఉండే మరమనిషి కథ. ఆ మరమనిషే మనకి చెబుతుంది. వంట చేస్తుంది, ఇల్లు తుడుస్తుంది, గడియారాలకి కీ ఇస్తుంది. యజమాని చచ్చిపోతాడు. అప్పటినుంచి దానికి 'నేను' అనేది ఒకటుందని తెలియడం మొదలవుతుంది. ఆయనకి ఓ చెల్లెలు కూడా ఉంది కథలో. నా అంత వాగుడుకాయ కాదులే. ముగింపు చెప్పను. చెబితే ఆ ఒక్క పేజీ చదివి ఊరుకునే రకానివి నువ్వు.

ఇక్కడి సంగతి. అద్దె కాగితం జూన్‌లో మళ్ళీ రాయాలట. ఇంటావిడ మెట్ల దగ్గర ఆపి, రెండు పేర్లు ఉంచాలా ఒక్కటే రాయాలా అని అడిగింది. మా వదిన వచ్చేస్తుంది, రెండూ ఉంచండి అన్నాను. తప్పు చెప్పానా? ఉద్యోగం ఒక ఏడాది చూసి వచ్చేస్తానన్నావు. ఈ నెలతో ఏడాది నిండింది. నీ గది తలుపు రోజూ కాసేపు తీసి ఉంచుతున్నాను, గాలాడాలని.

ఫోన్ చెయ్యనులే. నా గొంతు కూడా అన్నయ్య గొంతులాగే మాట మధ్యలో ఆగుతుందని, వినలేకపోతున్నానని నువ్వన్నది గుర్తుంది. కాగితం మీద గొంతు ఉండదు కాబట్టి ఎంతైనా వాగొచ్చు.

నీ
గిలక్కాయ

*

నీళ్ళ పరీక్షశాల
మార్చి 17

గిలక్కాయకి,

పుస్తకం అందింది. బీరువాలో పెట్టాను. ఇంకా తెరవలేదు.

పని ఎక్కువగా ఉంది. ఊరు ఊరంతా తాగే నీళ్ళు పొద్దున్నే ఇరవై నాలుగు సీసాల్లో నా బల్ల మీదకి వస్తాయి. సీసా సీసాకీ లేబుల్, లేబుల్ లేబుల్‌కీ నా సంతకం. పంపుహౌస్ ఆయన వాటిని సైకిల్ మీద డబ్బాలో పెట్టుకుని తెస్తారు. నిన్న ఒక సీసాకి మూత సరిగ్గా బిగించలేదని వెనక్కి పంపేశాను. ఆయన విసుక్కోకుండా మళ్ళీ అంత దూరం తొక్కుకెళ్ళి తెచ్చారు. తర్వాత నాకే బాధేసింది.

వేళకి తింటున్నావా? వర్క్‌షాపులో కృత్రిమ చేతుల అచ్చులు అరగదీసేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకో. ఆ ప్లాస్టర్ దుమ్ము మంచిది కాదని మీ అన్నయ్య ఎన్నిసార్లు చెప్పారో.

అద్దె కాగితం గురించి తర్వాత రాస్తాను.

వదిన

*

నీళ్ళ పరీక్షశాల
ఏప్రిల్ 9

గిలక్కాయా,

సగం చదివాను. మధ్యాహ్నం క్యారేజీ తెరిచి, పక్కన పుస్తకం పెట్టుకుని మొదలుపెట్టాను. నిద్ర రాలేదు.

యజమాని పోయిన మూడో వారంలో ఒక సాయంత్రం, సరిగ్గా ఆరింటికి ఆ మరమనిషి వెళ్ళి వీధి తలుపు తీస్తుంది చూడు. ఆయన దుకాణం కట్టేసి ఇంటికి వచ్చే వేళ అది. తలుపు తియ్యమని ఎవరూ చెప్పలేదు. చెప్పేవాడు లేడు. తనలో ఉన్న ఆజ్ఞలన్నీ వెతుక్కుంటుంది, అలాంటిది ఒక్కటీ దొరకదు. 'ఎవరూ చెప్పకుండా వచ్చాను. అయితే వచ్చింది నేనే' అనుకుంటుంది. అక్కడ పుస్తకం మూసి, మొహం కడుక్కునే వంకతో లోపలికి వెళ్ళి ఏడ్చాను. మరమనిషి కథకి ఏడ్చానని తెలిస్తే మీ అన్నయ్య నెలరోజులు నన్ను ఆట పట్టించేవారు.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. ఇక్కడ నా గదిలో నేనొక్కదాన్నే కదా. అయినా రోజూ రెండు కంచాలు తీసేదాన్ని. ఒకదాంట్లో తినేదాన్ని. రెండోది ఊరికే బల్ల మీద పెట్టి, తిన్నాక దాన్నీ కడిగి బోర్లించేదాన్ని. ఎవరూ చెప్పలేదు నాకు కూడా.

ఈ మధ్య అలా ఊరికే పెట్టడం మానేశాను. ఎందుకన్నది ఇంకోసారి రాస్తాను.

మీ వర్క్‌షాపు కబుర్లు రాయి. పొడుగ్గా రాయి.

వదిన

*

మేడ మీద ఇల్లు
ఏప్రిల్ 20

వదినా,

నువ్వు 'పొడుగ్గా రాయి' అన్నావా? నువ్వేనా? ఆ కాగితం దాచుకుంటాను.

ఆ మధ్య ఒక లారీ డ్రైవరుకి కుడిచెయ్యి బిగించి పంపాను. ఆరోగ్యమైన మనిషే, ప్రమాదంలో మోచేతి కింద పోయింది. వారానికి మళ్ళీ వచ్చాడు. ఎక్కడైనా ఒరుసుకుంటోందేమోనని పట్టీలన్నీ చూశాను, ఏమీ లేదు. కాసేపు నసిగి, "చల్లగా ఉంటోందమ్మా, అందుకని పొద్దున్నే ఎండలో పెడుతున్నాను, పాడవదు కదా?" అని అడిగాడు. అందులో వైరూ స్ప్రింగూ తప్ప ఏమీ లేదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. పాడవదు, పెట్టుకోండి అన్నాను. ఫోర్‌మన్ వెనకనుంచి నవ్వితే ఆయనకి ఆ రోజంతా గడ్డి పెడుతూనే ఉన్నాను.

సగం చదివి ఆపేశావేం? తర్వాతదే అసలు కథ. అది ఇల్లు వదిలి మిల్లులో పనికి చేరుతుంది, అక్కడ నానా పాట్లూ పడి, చివరికి చెల్లెలి దగ్గరికి ఇంటికి వచ్చేస్తుంది. అయ్యో, చెప్పేశాను. నోరు కదా.

సరే, నోరు జారలేదు, కావాలనే చెప్పాను. ఆఖరి వాక్యం నాకు కంఠతా వచ్చేసింది. 'తలుపు వేశాను. నేను లోపలే ఉన్నాను.' మరమనిషికే ఇల్లు గుర్తుకొచ్చినప్పుడు నీకు రాదా? చుట్టూ తిప్పి రాయడం నాకు చేతకాదు వదినా. నీ మీద బెంగ పెట్టుకున్నాను. వర్క్‌షాపు నుంచి వచ్చి తాళం తీస్తుంటే లోపల ఏ చప్పుడూ ఉండదు. ఆ ఒక్క నిమిషం దాటించడానికి మెట్ల మీదే ఇంటావిడతో పనికిమాలిన కబుర్లు పెట్టుకుంటున్నాను.

రెండు పేర్లతోనే రాయించేస్తున్నాను. కాదనకు. రెండో కంచం ఎందుకు మానేశావో చెప్పనేలేదు.

నీ
గిలక్కాయ

*

నీళ్ళ పరీక్షశాల
మే 6

గిలక్కాయా,

పుస్తకం పూర్తి చేశాను. ఒక అనుమానం వచ్చింది.

మిల్లులో రోలరు కింద పడి దాని ఎడమచేతి చిటికెనవేలు ఊడిపోతుంది. తొమ్మిది వేళ్ళతో కూడా పని ఆగదంటుంది. తర్వాత ఇంటి దగ్గర అధ్యాయంలో చెల్లెలు దాని వేళ్ళకి నూనె రాస్తుంది. ఒక్కొక్కటీ లెక్కపెడుతూ రాస్తుంది, పది. పోయిన వేలు ఎక్కడినుంచి వచ్చింది? పేజీల అంకెలు చూద్దామంటే కింద అంచు కోతలో అన్నీ పోయాయి.

రోజూ సీసాలు లెక్కపెట్టే నేనే పట్టుకున్నాను. నువ్వు చేతులు చేసేదానివి. నీకు కనబడలేదంటే నమ్మను.

ఉన్నది ఉన్నట్టు రాయి. కోప్పడను. అద్దె కాగితం మీద మాత్రం ఇప్పుడే సంతకం పెట్టకు.

వదిన

*

మేడ మీద ఇల్లు
మే 13

వదినా,

కనబడింది. మొదటిసారి చదివినప్పుడే కనబడింది.

పెద్ద గ్రంథాలయంలో ఇదే నవల ఇంకో కాపీ ఉంది. వెళ్ళి చూశాను. పుస్తకం మొత్తం ఏడు ఫారాలు, ఫారం అంటే పదహారు పేజీల మడత. ఈ నవలలో ఒక్కో అధ్యాయం సరిగ్గా ఒక్కో ఫారానికి సరిపోయింది, పైగా అధ్యాయాలకి అంకెలు వెయ్యలేదు. ఇంట్లో చెల్లెలు నూనె రాసేది ఆరో ఫారం. మిల్లు ఏడోది. మన పుస్తకంలో ఏడు ముందు, ఆరు వెనక పడ్డాయి. అసలు కథలో అది ఇంటికి తిరిగి రాదు వదినా. ఇల్లు వదిలి మిల్లుకి పోవడమే ఆఖరు. అక్కడ కొత్తగా చేరినవాడెవడో పేరడిగితే, యజమాని ఇచ్చిన నంబరు కాకుండా తనకి తాను పెట్టుకున్న పేరు చెబుతుంది. దాంతో అయిపోతుంది.

అన్నయ్య తప్పు కుట్టాడనుకుంటున్నావేమో. కాదు. నేను.

అప్పటికి అన్నయ్య మంచం దిగడం లేదు. నువ్వు మందులకి వెళ్ళావు. కుట్టు చట్రం ఒళ్ళో పెట్టించుకుని, నేను ఒక్కొక్క ఫారం అందిస్తుంటే కుట్టాడు. చూపు మసకబారింది కాబట్టి వరస చూసుకోవడం నా పని. నేనేమో ఫోర్‌మన్ని అనుకరిస్తూ ఏదో చెబుతున్నాను. అన్నయ్య నవ్వుతున్నాడు. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో, అందుకని ఆపలేకపోయాను. అంతా అయ్యాక, "నంబర్లు చూశావా?" అన్నాడు. "చూశాను," అన్నాను. చూడలేదు. అంచులు కోయించడానికి ప్రెస్సుకి కూడా నేనే పట్టుకెళ్ళాను. అంతకుముందే రెండుసార్లు కోసిన పుస్తకం, ఈసారి అంకెలు కూడా పోయాయి.

ఇరవై రెండేళ్ళలో ఒక్క కాగితం తప్పు పెట్టని మనిషి. ఆయన చివరి పుస్తకం నా వాగుడు వల్ల పాడయింది. ఇది ఎవరికీ చెప్పలేదు. అంతకంటే సిగ్గుపడే సంగతి, చదివినప్పుడు నాకు సంతోషమేసింది. నా తప్పువల్ల అది ఇంటికి వచ్చేసింది. అందుకే నీకు పంపాను.

తిట్టాలనుకుంటే తిట్టు.

గిలక్కాయ

*

నీళ్ళ పరీక్షశాల
మే 24

గిలక్కాయా,

మీ అన్నయ్యకి తెలుసు.

ఆ మర్నాడు నువ్వు వర్క్‌షాపుకి వెళ్ళాక, ప్రెస్సుకి పంపకముందు, కళ్ళజోడు మీద భూతద్దం పెట్టుకుని పుస్తకం తిరగేశారు. "ఆరూ ఏడూ తారుమారు చేసేసింది మన గిలక్కాయ," అన్నారు. విప్పుదామా అని నేను కత్తెర తెచ్చాను. వద్దన్నారు. "నిన్న ఎన్ని కబుర్లు చెప్పిందో తెలుసా? ఈ కుట్టు విప్పితే దానికి తెలిసిపోతుంది, ఇంక నా దగ్గర నోరు మూసుకుని కూర్చుంటుంది. ఉండనీ. చదివినవాడెవడో తిట్టుకుంటాడు, అంతేగా," అన్నారు. తప్పని తెలిసీ ఆయన వదిలేసిన పుస్తకం అదొక్కటే. నీకు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పలేదు. పార్సిల్లో అది చూడగానే గుర్తుపట్టాను, అందుకే ముందు తెరవలేకపోయాను. వేళ్ళ గురించి అడిగింది నిన్ను నిలదియ్యడానికి కాదు. నీ అంతట నువ్వు చెబితే ఆ బరువు దిగుతుందని.

ఇప్పుడు నా వంతు.

పంపుహౌస్ ఆయన నన్ను పెళ్ళి చేసుకుంటానన్నారు. నేను సరేనన్నాను. జూలై నాలుగున రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. ఆయన భార్య పోయి ఆరేళ్ళయింది, పిల్లల్లేరు. నెమ్మదస్తుడు. మూతలు మాత్రం సరిగ్గా పెట్టరు. రెండో కంచంలో ఇప్పుడు ఆయన తింటున్నారు.

మీ అన్నయ్యని మర్చిపోయి చేస్తున్న పని కాదు ఇది. ఈయనకి ఆయన గురించి చెబుతూ ఉంటాను, వింటారు. మీ అన్నయ్య ఉండి ఉంటే ఇలా జరిగేది కాదు, లేరు కాబట్టి జరుగుతోంది. ఈ రెండూ నిజమే, నేను వాటితో సర్దుకున్నాను. సర్దుకోలేనిది ఒకటే. మీ అన్నయ్య వల్ల నేను నీకు వదినని. ఆ కాగితం మీద సంతకం పెట్టాక నీకు నేను ఎవరిని? ఆ భయంతోనే రెండు నెలలుగా నీ దగ్గర దాచాను. తిరిగి వస్తానని నువ్వు తలుపు తీసి పెడుతుంటే, రానని రాయడానికి చెయ్యి రాలేదు.

వదిన

*

మేడ మీద ఇల్లు
జూన్ 2

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. సంతోషం.

అద్దె కాగితం నా ఒక్కదాని పేరుతో రాయించాను. మీ గదిలోని సామాను రెండు పెట్టెల్లో సర్దించాను. ఏ చిరునామాకి పంపాలో తెలియజేయగలరు.

వర్క్‌షాపులో పని ఒత్తిడి వల్ల నేను రాలేను. మీరిద్దరూ సుఖంగా ఉండాలని కోరుకుంటున్నాను.

ఇట్లు

*

నీళ్ళ పరీక్షశాల
జూన్ 10

గిలక్కాయా,

పదమూడేళ్ళలో నువ్వు నన్ను 'మీరు' అనడం ఇదే మొదటిసారి. పెళ్ళయి ఆ మేడ మెట్లెక్కిన రోజు కూడా 'నువ్వేనా మా వదినవి, ఇంత పొట్టిగా ఉన్నావేం?' అన్నావు. తిట్టినా బాగుండేది. ఆ ఉత్తరం పదిసార్లు చదివాను, ఎక్కడైనా ఒక్క తిట్టు దొరుకుతుందేమోనని.

ఇక్కడ అందరూ మేడం అంటారు. నాతో ఎవరూ పరాచికాలాడరు. నా పొట్టితనం గురించి ఏడాదిగా ఎవరూ ఒక్క మాటన్నది లేదు. నీకోసం ఇంత తపించిపోతానని నేనూ అనుకోలేదు. మీ అన్నయ్య పోయినప్పుడు ఆయన మీద బెంగ వస్తుందని తెలుసు, దానికి సిద్ధపడ్డాను. నీ మీద బెంగకి మాత్రం నన్ను ఎవరూ సిద్ధం చెయ్యలేదు.

రిజిస్ట్రారు ఆఫీసుకి సాక్షులు ముగ్గురు కావాలి. ఆయన తరఫున వాళ్ళ తమ్ముడూ మరదలూ. నా తరఫున పేరు రాసే చోటు ఖాళీగా ఉంచాను. దాని పక్కన సంబంధం అని ఇంకో గడి ఉంది. "ఎవరో ఒకరి పేరు వేసెయ్యండమ్మా, బయట టీ కొట్టాయన కూడా సంతకం పెడతాడు, రోజూ పెడుతూనే ఉంటాడు," అన్నాడు గుమాస్తా. ఒప్పుకోలేదు. నీ చోట ఇంకొకర్ని పెట్టను. నువ్వు రాకపోతే తారీకు మార్చుకుంటాం. మళ్ళీ రాకపోతే మళ్ళీ మార్చుకుంటాం. ఆయనతో చెప్పాను. "మీ గిలక్కాయ గారు వచ్చినప్పుడే చేసుకుందాం," అన్నారు.

పెట్టెలు పంపకు.

నీకు ఏమవుతానో నువ్వే చెప్పు

*

మేడ మీద ఇల్లు
జూన్ 27

వదినా,

రెండు వారాలు నీ ఉత్తరం సంచీలో వేసుకుని తిరిగాను. కోపం. నీ మీదా, ఆయన మీదా అని తేల్చుకోలేకపోయాను. నువ్వు బాగున్నావని కోపం. నేను లేకుండా బాగుపడ్డావని ఇంకా కోపం. సీసాకి మూత పెట్టడం రానివాడు మా అన్నయ్య చోట కూర్చుంటాడా అని ఒక రోజంతా రుసరుసలాడాను. మర్నాడు అది కూడా విసుగేసింది. ఫోర్‌మన్ వచ్చి, "ఏంటమ్మా, నాలుగు రోజులుగా షాపు ఇంత నిశ్శబ్దంగా ఉంది, ఒంట్లో బాలేదా?" అని అడిగాడు.

నిన్న పెద్ద గ్రంథాలయానికి వెళ్ళి సరైన కాపీలో ఆఖరి అధ్యాయం మళ్ళీ చదివాను. ప్రతి ఆదివారం చెల్లెలు మిల్లు గేటు దగ్గరికి వస్తుంది. నువ్వూ చదివే ఉంటావు, రెండే వాక్యాలు. మన పుస్తకంలో చదివినప్పుడు, దాన్ని ఇంటికి తీసుకుపోదామని వస్తోందనుకున్నాను. తర్వాతి పేజీల్లో ఇల్లు ఉంది కదా మరి. సరైన వరసలో చదివితే ఆ తర్వాత ఇల్లు లేదు, ఏమీ లేదు. ఆవిడ ఊరికే చూడ్డానికి వస్తోంది. చూసి, కాసేపు మాట్లాడి, వెళ్ళిపోతోంది. అది రాదని ఆవిడకి ముందే తెలుసు. ఆ బల్ల దగ్గర కూర్చుని ఏడిస్తే, అక్కడి లైబ్రేరియన్ గారు వచ్చి ఫ్యాను వేసి వెళ్ళారు.

నువ్వు రావని నాకు మార్చిలోనే తెలుసు వదినా. తెలిసే తలుపు తీశాను.

ఆ గడిలో ఆడపడుచు అని రాయించు. మొగుడు పోయినావిడకి ఇంకో పెళ్ళిలో ఆడపడుచు సాక్షేమిటని గుమాస్తా అడిగితే, నేనొచ్చి వివరంగా చెబుతాను. ఒక గంట పడుతుంది, టీ కొట్టాయన్ని కూడా వినమను. ఆయన్ని మాత్రం అన్నయ్యా అని పిలవలేను, అది అడగొద్దు. ఏమని పిలవాలో ఆయన్నే చూసి తేల్చుకుంటాను.

మూడో తారీకు సాయంత్రం బస్సుకి దిగుతాను. చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు ముందు గదిలో కూర్చోబెట్టి పళ్ళెంలో మంచినీళ్ళు తెచ్చావంటే ఊరుకోను. నాది ఏ గ్లాసో, నేను ఏ మూల పడుకోవాలో ముందే చూసిపెట్టు. నా దుప్పటి నేను తెచ్చుకుంటున్నాను. తిరిగి వచ్చేటప్పుడు దాన్ని మళ్ళీసారికి అక్కడే వదిలేసి వస్తాను.

నీ
ఆడపడుచు